పొలుసు పురుగు – అక్షింతల పురుగు

ఓరుగల్లు, హనుమకొండ పట్టణములలో ముంగిట మందారమో, గన్నేరో, నందివర్ధనమో లేని ఇండ్లు తక్కువ. ఒకానొక వేసవిలో ఆ కొమ్మలపై గోధుమవన్నె బొడిపెలు గాని, దూది వంటి తెల్లని ముద్దలు గాని కనిపించును. అవి చెట్టునకు పుట్టిన తెగులని పలువురు తలంతురు. నిజమునకు అవి ప్రాణులు. పొలుసు పురుగులు, పిండినల్లులు అని వానికి పేర్లు. మోదుగ కొమ్మలపై లక్కను కూర్చు పురుగు కూడ ఈ వంశములోనిదే.

తల్లిపురుగు ఒకచోట ములుకు గ్రుచ్చి, మైనపు కప్పు క్రింద కదలక రసమును పీల్చును. అది విసర్జించు తీపి జిగురునకు చీమలు చేరును. ఆకులపై మసి వంటి బూజు పట్టును. ఆ తీపి కొరకు చీమలు దానిని శత్రువుల నుండి కాపాడును.

ఆ శత్రువుల విలువను లోకమునకు తెలిపిన కథ అమెరికాలో జరిగినది. 1868 ప్రాంతమున కాలిఫోర్నియాలో, అందము కొరకు పెంచిన తుమ్మజాతి చెట్లపై తెల్లని పొలుసు పురుగొకటి కనబడెను. అది నారింజ తోటలకు ప్రాకగా, రైతులు చెట్లను పెరికి తగులబెట్టవలసి వచ్చెను. ఆ పురుగు పుట్టినిల్లు ఆస్ట్రేలియా. అచ్చట దానిని తిను ప్రాణులు కలవు, ఇచ్చట లేవు. ఈ తర్కముతోనే 1888లో ఆల్బర్ట్ కోబెలె అను కీటక శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియాకు పోయి, ఎరుపు నలుపుల అక్షింతల పురుగులను ఓడలలో పంపెను. చేరినవి సుమారు 500 మాత్రమే. రెండేండ్లలోపుననే తోటలు తేరుకొనెను.

అదే పొలుసు పురుగు 1928లో మన నీలగిరులలో వాటిల్ చెట్లపై బయటపడెను. అచ్చటికిని ఆ అక్షింతల పురుగునే రప్పించి విడువగా, దాని ఉద్ధృతి అణగెను.

ఈ కథకు మరియొక అధ్యాయము కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము కాలిఫోర్నియా తోటలలో డి.డి.టి. చల్లిరి. అక్షింతల పురుగులు నశించెను. అణగియున్న పొలుసు పురుగు మరల విజృంభించెను. విషము మిత్రునే ముందు చంపినది.

మన పెరటికి ఇందు పాఠమున్నది. పురుగు దట్టముగ పట్టిన రెమ్మలను కత్తిరించి కాల్చవలెను. మొదలునకు చీమలు ఎక్కకుండ అడ్డు కట్టవలెను. పిల్లపురుగులు ప్రాకు దశలో సబ్బునీరు చల్లినచో చాలవరకు చచ్చును. కప్పు గట్టిపడిన పిమ్మట మందు సైతము లోనికి సులభముగ చొరదు.

చల్లుటకు ముందు ఒక్కసారి నిదానించి చూడుడు. 1898లో కాఫీ తోటల కొరకు ఆస్ట్రేలియా నుండి దక్షిణ భారతమునకు తెచ్చిన ఒక అక్షింతల పురుగు పిండినల్లులను తిని బ్రతుకును. దాని పిల్ల కూడ పిండినల్లి వలెనే తెల్లని మైనపు పోగులతో నుండును. అయితే చురుకుగ నడచును. కొమ్మపై అట్టిది కనిపించినచో దానిని దులిపివేయకుడు. అది మీ చెట్టుకు కాపరి.