మచిలీపట్టణపు నోబుల్ కళాశాల: గడప యివతలివారు

ఆంధ్రదేశమున ఆంగ్లవిద్యాచరిత్రను వ్రాయువారు మచిలీపట్టణపు నోబుల్ కళాశాలను ప్రశంసాపూర్వకముగా స్మరించుట పరిపాటి. ఆ ప్రశంస యుక్తమే. కాని ఆ విద్యాలయపు తలుపు ఎవరికి తెరువబడెను, ఎవరికి మూయబడెను అను ప్రశ్నను వారు తేలికగా దాటిపోవుచున్నారని నా తలంపు.

చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్సు 1841లో బందరు చేరిరి. ఫాక్సు ఊరూర తిరిగి మతబోధ చేయుటకు పూనుకొనెను. నోబుల్ రెండేండ్లు తెలుగు నేర్చి, 1843 నవంబరులో ఆంగ్ల పాఠశాలను తెరచెను. అగ్రవర్ణముల యువకులు క్రైస్తవమును స్వీకరించినచో తక్కిన సమాజము వారి వెంట నడచునని ఆయన విశ్వాసము. అందుచేత వర్ణాచారమును మన్నించి, అస్పృశ్యులుగా నెంచబడిన కులముల పిల్లలను చేర్చుకొనలేదు. క్రీస్తు పేర నెలకొన్న బడికి కులమే ద్వారపాలకుడయ్యెనన్నమాట! రామగుండము బొగ్గుగనుల చెంత, బసంత్‌నగరున, కార్మికుల బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండుట నిత్యము చూచు నాకు ఈ విషయము మరింత నొప్పించుచున్నది.

ఆ లెక్క ఎట్లు ఫలించెనో చూడదగును. 1852లో మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును బాప్తిస్మము పొందిరి. పట్టణము అట్టుడికిపోయెను. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించిరి; బడి దాదాపు శూన్యమయ్యెను. కొంతకాలమునకు తిరిగి నిండినది. ఆంగ్లవిద్యకును సర్కారు కొలువునకును గల సంబంధము అట్టిది. మతము మారిన విద్యార్థులు మాత్రము వ్రేళ్లపై లెక్కింపదగినవారే.

అదే సొసైటీకి చెందిన డార్లింగు బోధవలన, 1859లో బెజవాడ ప్రాంతమున రాఘవాపురపు మాల కులస్థుడు పాగోలు వెంకయ్య క్రైస్తవుడయ్యెను. ఆయన వెనుక పల్లెలే కదలినవి. బడి గడప దాటనీయబడని జనమే కృష్ణా ప్రాంతపు క్రైస్తవ సంఘమునకు పునాది యయ్యెను. పైనుండి క్రిందికి దిగునని నోబుల్ ఎదురుచూచినది క్రిందినుండి పైకి వచ్చినది.

1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొనెను. మరుసటి యేట నోబుల్ బందరులోనే మరణించెను. విద్యాలయమునకు ఆయన పేరు నిలిచినది. తరువాతి కాలమున రఘుపతి వేంకటరత్నము నాయుడు ఇచ్చట బోధించెను; భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆయన శిష్యుడు. ఆ వేంకటరత్నమే పిదప కాకినాడ కళాశాలాధ్యక్షుడై, పిఠాపురపు మహారాజు సాయముతో దళిత బాలబాలికలకు వసతిగృహము నడిపెను.