ఇంటికీ పనికీ మధ్య పెరిగిన దూరం

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. అప్పటి హైదరాబాద్‌లో రోజూ ఉద్యోగానికి బస్సెక్కక తప్పనివాళ్లు కొద్దిమందే. దుకాణమైనా, కచేరీ అయినా చాలామందికి నడిచో, సైకిలు మీదో చేరేంత దగ్గర. కాస్త ఉన్నవాళ్లకు టాంగా ఉండేది.

నగరం శివార్లలో పెద్ద ఎత్తున ఉద్యోగాలు పుట్టింది స్వాతంత్ర్యం తర్వాతే. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు ఐడీపీఎల్, హెచ్ఎంటీ వచ్చాయి. ఆ తరం పరిశ్రమలు చేసిన ఒక మంచిపనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. కర్మాగారంతో పాటే అవి కాలనీ కట్టాయి. బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లో ఇల్లు, బడి, ఆసుపత్రి, బజారు అన్నీ పని దగ్గరే. క్వార్టరు దొరకనివారికి కంపెనీ బస్సు ఉండేది. ఉద్యోగిని పనికి చేర్చడం కూడా యాజమాన్యం బాధ్యతేనన్న ఆలోచన అందులో ఉంది.

1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ ఆఫీసుల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత అద్దాల మేడలు వరసగా లేచాయి గానీ, వాటిలో పనిచేసేవారి ఇళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. చుట్టుపక్కల స్థలాల ధరలు, అద్దెలు జీతాలకు అందకుండా పోయాయి. ఉద్యోగాలు పడమటికి చేరాయి. మధ్యతరగతి ఇళ్లు ఉప్పల్, ఎల్బీనగర్, మల్కాజిగిరిల్లోనే ఉండిపోయాయి. రోజూ పొద్దున పాతిక కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ అంతే.

2003 ఆగస్టులో వచ్చిన ఎంఎంటీఎస్ దీనికి చవకైన మందు. ఉన్న పట్టాల మీదే నడిచే రైలు, తక్కువ టికెట్టు. కానీ ఆ పట్టాల మీదే దూరప్రాంతపు రైళ్లూ, గూడ్సూ నడవాలి. అందుకే ఒక బండి తప్పితే తర్వాతి దానికోసం చాలాసేపు నిలబడాల్సిందే. ఇంత అవసరమైన సర్వీసుకు ఇంత నిర్లక్ష్యం జరగడం బాధాకరం. 2017 నవంబరులో మొదలైన మెట్రో 2019 చివరికి రాయదుర్గం చేరి, తూర్పు నుంచి వచ్చేవారికి నిజంగా ఊపిరినిచ్చింది. పాతబస్తీకి మాత్రం అది ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది.

నగరం బయటి సంగతి ఇంకా కష్టం. సికింద్రాబాద్‌కు కాజీపేట 132 కిలోమీటర్లు. రైల్వే సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల దాకా ఇస్తుంది కాబట్టి వరంగల్ వైపు నుంచి రోజూ ‘అప్ అండ్ డౌన్’ చేసే ఉద్యోగులున్నారు. తెల్లవారకముందే స్టేషనుకు వచ్చే వీళ్లు రైల్లోనే టిఫిను ముగిస్తారు, పక్కవాళ్లతో స్నేహాలు, చీటీలు కూడా అక్కడే. ఇంట్లో పిల్లలను మేలుకుని ఉండగా చూసేది ఆదివారమే.

రాష్ట్ర విభజన తర్వాత, 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలినప్పుడు హైదరాబాద్‌లో సొంతిళ్లు, పిల్లల చదువులు ఉన్న ఉద్యోగులు ఇరుక్కుపోయారు. ప్రభుత్వం వారికి ఐదు రోజుల పనివారం ఇచ్చింది. విజయవాడకు ఇంటర్‌సిటీ రైలు వేశారు. పని ఒక రాష్ట్రంలో, సంసారం మరో రాష్ట్రంలో అయ్యాయి.

2020లో కరోనా వచ్చి ఐటీ ఉద్యోగిని ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ ఆఫీసులు తుడిచేవారికి, కాపలా కాసేవారికి మాత్రం ఆ వీలు లేకపోయింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, రెండు బస్సులు మారి ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు నెలనెలా కొంత డబ్బు మిగులుతోంది. అది గొప్ప మేలే. అయితే ప్రయాణంలో పోయే గంటలు తిరిగి రావడం లేదు.

కొత్త ఆఫీసు టవరుకు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కింగు ఎన్ని అంతస్తులని అడుగుతున్నారు. అందులో పనిచేయబోయేవారికి దగ్గరలో అందుబాటు అద్దెకు ఇళ్లెన్ని ఉన్నాయో కూడా అడగాలి. ఎంఎంటీఎస్ బండ్లు పెంచాలి. బీహెచ్ఈఎల్ కాలంలో చేయగలిగిన పనిని ఇంత సంపద వచ్చాక చేయలేమనడానికి ప్రభుత్వానికి గానీ కంపెనీలకు గానీ సాకు లేదు.