సైన్యపు జీతము, రైతు శిస్తు

ఇశ్రాయేలీయులు రాజును కోరినప్పుడు, అతడు మీ కుమారులను తన రథములకును యుద్ధాయుధములు చేయుటకును తీసికొనునని సమూయేలు ముందే హెచ్చరించెను. మన చందూరు, బోధను గ్రామములు నైజాము ఏలుబడిలో నుండిన కాలమున అట్టి సంగతియే జరిగెను. అయితే ఇచ్చట కత్తి పట్టినవారికంటె, వారికి జీతము సమకూర్చినవారే బలవంతులైరి.

1798లో నిజాం అలీఖాను ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొని, వారి సైన్యమును తన ఖర్చుతో ఉంచుకొనెను. 1800లో ఆ ఖర్చుక్రింద కడప, బళ్లారి మొదలగు సీమలను వ్రాసి యిచ్చెను. అంతటితో తీరినదా? యుద్ధము వచ్చినప్పుడు 6,000 కాల్బలమును, 9,000 గుర్రపు దళమును పంపవలెనని ఆ సంధిలో ఒక షరతు ఉండెను. దానిని పట్టుకొని రెసిడెంటు హెన్రీ రస్సెలు, యుద్ధము లేనప్పుడును నిలిచియుండు కంటింజెంటు అను వేరొక సైన్యమును పెంచెను. అధికారులు దొరలు, జీతము నైజాముది. ఏటికి సుమారు 40 లక్షల రూపాయలు.

ఖజానాలో అంత సొమ్ము లేదు. అప్పుడు విలియం పామరు కంపెనీవారు ముందుకు వచ్చిరి. సిపాయిల జీతము వారు ఇచ్చుట, బదులుగా తాలూకాల శిస్తు వారికి అప్పగించుట. వడ్డీ నూటికి 24 వరకు. 1820లో 60 లక్షల అప్పునకు గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు అనుమతించెను. ఆ కంపెనీ భాగస్థుడైన రంబోల్డు భార్య ఆ ప్రభువు సంరక్షణలో పెరిగినదే! పేష్కారు చందూలాలు గ్రామములను ఎక్కువ పాడినవానికి గుత్తకిచ్చి రైతును పిండెను. తరువాత వచ్చిన రెసిడెంటు మెట్కాఫు పాడుపడిన పల్లెలను చూచి, శిస్తు నిర్ణయించుటకు అధికారులను పంపెను. మంచి పనియే. కాని కంటింజెంటును ఆయనయు తీసివేయలేదు.

ఇది పాత రాజుల కథ యని త్రోసివేయకుడి. 1961లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు, తాను సేనాధిపతిగా పనిచేసినవాడై యుండియు, సైన్యమును ఆయుధముల పరిశ్రమయు కలిసి ప్రభుత్వముపై పెత్తనము చేయగలవని తన ప్రజలను హెచ్చరించెను. మనకు దూరము కాని ఎద్దుమైలారములో 1984 నుండి యుద్ధ శకటముల కర్మాగారము ఉన్నది. అచ్చట కష్టపడి కూడు తినువారిని నేను నిందింపను. లెక్క అడుగవలసినది పైవారిని.

నైజాము సంగతి ముగించెదను. కంటింజెంటు బాకీలు పేరుకొనగా, 1853లో బేరారును కంపెనీ చేతికి అప్పగింపవలసి వచ్చెను. శాంతికాలమున ఆ సైన్యమును పోషింపవలెనని సంధి నైజామును నిర్బంధింపలేదని డల్హౌసీ ప్రభువే ఒప్పుకొనెను. అయినను బేరారును తీసికొనెను. 1902లో అది శాశ్వతపు కౌలుగా మారెను. ఏటికి 25 లక్షలు.