చేపల ఓడ ఎక్కని చట్టం

వైద్యవృత్తి రీత్యా నేను ఇంగ్లండు తూర్పుతీరాన ఉన్న హల్ నగరానికి వచ్చి ఆరేళ్ళయింది. మా ఆసుపత్రికి వచ్చే వృద్ధులలో ఒకప్పుడు ట్రాలర్ల మీద పనిచేసినవారు కనబడుతుంటారు. ఒకాయనకు కుడిచేతి వేళ్ళు రెండు లేవు. ఎలా పోయాయని అడిగితే, ఐస్‌లాండు దగ్గర వల లాగే తాడులో పడి నలిగిపోయాయన్నాడు. కట్టు ఎవరు కట్టారంటే, "ఓడ సరంగే. చేపలు నిండేదాకా వెనక్కి రాలేదు" అన్నాడు. మన తీరంలో పడవ నడిపేవాణ్ణి సరంగు అంటాము గదా, ఇక్కడివారి స్కిప్పరుకు నేను ఆ మాటే వాడుతున్నాను. ఆనాటినుంచి ఈ ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మన సంఘ సభ్యుల ముందు ఉంచుతున్నాను.

చేపలవేటకు చట్టాలు లేక ఇలా జరిగిందని మొదట అనుకున్నాను. అది పొరపాటు. 1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ మరుసటి ఏడే ఇటలీలోని జెనోవాలో సమావేశమై, చేపల ఓడలలో పనిగంటలకు ఒక హద్దు ఉండాలని సిఫారసు చేసింది. 1959లో మూడు ఒప్పందాలు చేసింది: పసివాళ్ళను ఓడ ఎక్కించరాదు, వైద్యపరీక్ష లేనిదే ఎవరినీ పంపరాదు, పనిషరతులు కాగితంమీద రాసి ఉండాలి. 1966లో సరంగుల అర్హతాపత్రాల గురించీ, కళాసీలు పడుకునే వసతుల గురించీ మరి రెండు చేసింది. కాగితంమీద అన్నీ ఉన్నాయి. కాని ఒప్పందం దానిని ఆమోదించిన దేశానికే వర్తిస్తుంది. ఆమోదించినా, ఓడ రేవు దాటాక చూసేవారెవరు?

దీనికి జవాబు 1968లో హల్ నగరానికి దొరికింది. ఆ జనవరి 10న సెయింట్ రొమేనస్ అనే ట్రాలర్ రేడియో ఆపరేటరు లేకుండానే బయలుదేరింది. కబురు రాకపోయినా, రేడియో మనిషి లేడుగదా అని సరిపెట్టుకున్నారు. రెండు వారాలు దాటాకగాని వెతుకులాట మొదలుకాలేదు. అదే రోజున బయలుదేరిన కింగ్‌స్టన్ పెరిడాట్ కూడా తిరిగి రాలేదు. ఫిబ్రవరి 4న ఐస్‌లాండు దగ్గర తుఫానులో పైభాగాన మంచు పేరుకుని రాస్ క్లీవ్‌లాండ్ ఒరిగి మునిగింది. మూడు ఓడలలో కలిపి 58 మంది పోయారు. బతికి బయటపడినది ఒక్కడే.

అప్పుడు కదిలింది చేపల కార్ఖానాలో పనిచేసే లిలియన్ బిలోకా అనే ఇల్లాలు. హెసిల్ రోడ్డు వాడలోని ఆడవారితో కలిసి పదివేల సంతకాలు పోగుచేసి, లండన్ వెళ్ళి మంత్రులను నిలదీసింది. ప్రతి ఓడకూ రేడియో ఆపరేటరు ఉండాలన్నది వారి ముఖ్యమైన కోరిక. మొత్తం 88 భద్రతాచర్యలకు ప్రభుత్వం ఒప్పుకుంది. అయితే బిలోకాకు బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి, ఉద్యోగమూ పోయింది. 1988లో ఆమె కన్నుమూసింది.

మరో అన్యాయం కూడా ఉంది. ప్రయాణానికొకసారి పేరు రాయించుకునేవారు కాబట్టి ఈ కార్మికులను తాత్కాలికులుగానే లెక్కవేశారు. 1976లో ఐస్‌లాండు జలాలు మూసుకుపోయి వృత్తి కూలిపోయినప్పుడు, జీవితమంతా సముద్రంమీదే గడిపినవారు వట్టిచేతులతో ఇళ్ళకు వెళ్ళారు. వారికోసం ప్రభుత్వం ప్రత్యేక పరిహార పథకం ప్రకటించేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

పాత ఒప్పందాలను కలిపి కొత్తది తేవాలని 2005లో ప్రయత్నిస్తే, కావలసిన సంఖ్యకు ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. 2007లో 188వ ఒప్పందంగా నెగ్గింది, 2017 నవంబరు 16న అమలులోకి వచ్చింది. వైద్యుడిగా నాకు నచ్చిన నియమాలు అందులో కొన్ని ఉన్నాయి. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే ఓడలో రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. మందులతోబాటు ప్రథమచికిత్స తెలిసిన మనిషి, ఒడ్డున ఉన్న వైద్యుణ్ణి సంప్రదించే సాధనం ఉండాలి. జీతానికి కాక, పట్టిన చేపలో వాటాకు పనిచేసేవాడు కూడా కార్మికుడే. ఇంకొక మేలేమిటంటే, ఒప్పందాన్ని ఆమోదించిన దేశపు రేవుకు వచ్చిన విదేశీ ఓడనూ తనిఖీ చేయవచ్చు. 2018లో దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో అలా ఒక ఓడను ఆపివేసింది. బ్రిటన్ 2019లో ఆమోదించింది. మన భారతదేశం ఇంకా ఆమోదించలేదు.

ఇది దూరపు సంగతి కాదు. శ్రీకాకుళం తీరంలో సరైన రేవులు లేక మనవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్ళి, పరాయి పడవలలో నెలల తరబడి పనిచేస్తారు. 2018 నవంబరులో అలాంటివారిని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. ఈలోగా నాయకుల చుట్టూ తిరిగింది వారి భార్యలే. ఒప్పందం సరిహద్దుగీతను చెరపలేదు. కాని పడవలో ఎవరెవరున్నారు, వారి బాధ్యత ఎవరిది అన్నది కాగితంమీద ఉంటే, ఆ ఆడవారికి అడగడానికి ఒక గుమ్మమైనా ఉండేది.

మన సంఘంలో ఉత్తరాంధ్ర కుటుంబాలు కొన్ని ఉన్నాయి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు, వలసపోయే కళాసీ కనబడితే ఒక్క మాట అడగండి: "బాబూ, నీ చేతిలో కాగితం ఉందా?" హల్ నగరపు ఆడవారు కూడా ఇలాంటి చిన్న ప్రశ్నతోనే మొదలుపెట్టారు.