ఆదివారమునకు చెల్లించిన వెల

నారాయణగూడలోని బాప్తిస్టు ఆలయమునకు ఆదివారమునాడు వెళ్ళువారిని చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాసులు చూచుచునే యుందురు. ఆదివారమనగా మనలో చాలమందికి కచేరి సెలవు. ఆ యొక్క దినమును నిలుపుకొనుటకై కూటిని, నీటిని పణముగా నొడ్డిన తెలుగువారు ఒకప్పుడుండిరి. వారి కథయే నేటి ప్రసంగ విషయము.

అది ఒంగోలు ప్రాంతము. ఆనాడు నెల్లూరు జిల్లాలోనిది. అమెరికా బాప్తిస్టులు 1836లోనే తెలుగువారి నడుమకు వచ్చినను, ముప్పది యేండ్ల శ్రమకు దక్కిన ఫలము స్వల్పము. ఈ మిషనును మూసివేయుదమా యని వారి సంఘము ఒకటికి రెండుమార్లు తలపోసినది. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టెను. ఆ యేడే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మము పొందిరి. పేరయ్య మాదిగ కులమువాడు, తోలు వర్తకుడు, అంతకుముందే గురువు నాశ్రయించి యోగమార్గమున దైవమును వెదకినవాడు. 1867 జనవరిలో ఆయన ఊరి చేరువను ఇరువది యెనిమిదిమంది ఆయన వెంట నడచిరి.

క్లౌ దొర వారికి పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు తేలికయే. ఆ కాలపు పల్లె నెరిగినవారికిగాని వీని బరువు తెలియదు. మాదిగవారు రైతుకు చెప్పులు కుట్టవలెను, మోటబాన కుట్టవలెను, కోతలలో పిలిచిన దినమున రావలెను. ప్రతిఫలముగా కళ్ళములో మేర కొలిచెదరు. చచ్చిన గొడ్డు వారి వంతు; కరవునాట అదియే కూడు. గ్రామదేవత కొలువులో డప్పు వారిది. ఇందులో ఏ యొక్కటి మానినను, ఊరితో ముడివడిన బ్రతుకు తెగిపోవును. ఏడు దినములకు కూలిచ్చు రైతునకు ఆరు దినములే వత్తుమనుట ఎట్టి మాటయో ఊహింపుడు! డప్పు మ్రోగనిచో అమ్మవారు అలుగునని, వానలు రావని ఊరివారికి నిజముగనే భయము. వారిది కేవలము దౌష్ట్యమని నేననజాలను. కాని ఫలితము క్రూరము: పనులు మాన్పించిరి, నీటికి అడ్డుపడిరి.

ప్రహ్లాదునకు ఎదురు నిలిచినవాడు తండ్రి. ఇచ్చట ఊరంతయు ఎదురు నిలిచినది. పైగా ప్రహ్లాదుడు రాచబిడ్డ, మేర కొరకు కళ్ళము చెంత నిలువవలసినవాడు కాడు.

దేవుడు ఆదుకొనునను నమ్మకము ఇట్టివారికి పొయ్యిమీదికి గింజలు వచ్చునా రావా యను ప్రశ్నయే. ఊరికిని వారి యక్కర లేకపోలేదు. బాన లేనిదే మోట లేదు, మోట లేనిదే మెట్టపొలములో పైరు లేదు. కాని ఆ యక్కర రైతునకు తోచువరకు ఆకలికి తాళవలసినది బలహీనుడే గదా.

తరువాత 1876-78 నాటి మహాక్షామము వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని వేలమందికి కూలి చూపెను. బోధకులే మేస్త్రీలైరి. ఎందరో బాప్తిస్మము కోరి వచ్చిరి. ఆయన పదునైదు మాసములపాటు ఎవ్వరికిని ఈయలేదు. కూటికొరకు వచ్చినారన్న మాట వారికిగాని, తనకుగాని రాకూడదని ఆయన పట్టుదల. ఆ నిరాకరణ నాకు ఆయన చేసిన పనులన్నిటిలో మిన్నగా తోచును. కడకు 1878 జూలై 3న వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమీయబడెను.

చరిత్ర వ్రాసినవారు ఈ సంఖ్యనే ముందుంచుదురు. అబ్బురమైన సంఖ్యయే. అయినను 1867 నాటి ఇరువది యెనిమిదిమందియే నాకు పెద్దగా కనబడుదురు. అప్పటికి కాలువ లేదు, కంట్రాక్టు లేదు, వెనుక నిలుచుటకు వేలమంది లేరు. దొర బండి ఒంగోలు దారి పట్టిన పిమ్మట వారు తమ పల్లెలకే, ఆ రైతుల యెదుటికే మరలిపోయిరి. ఆ వారమునకును ఒక ఆదివారముండెను.