ఆలుగడ్డ రాకముందు లాట్కె

మొన్న డిసెంబర్లో ఒక ఆదివారం ఇంట్లో లాట్కెలు చేశాను. యూదుల హనుక్కా పండగ వంటకం. పెద్ద కష్టమైన పనేం కాదు. నాలుగు ఆలుగడ్డలు, ఒక ఉల్లిపాయ తురిమి, పల్చటి గుడ్డలో మూటగట్టి, నీళ్ళు కారిపోయేదాకా గట్టిగా పిండాలి. ఆ నీళ్ళు పారబొయ్యకూడదు. గిన్నెలో పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైనీళ్ళు వంపేసి ఆ పిండిని మళ్ళీ తురుములోనే కలపాలి. ఒక గుడ్డు, ఉప్పు, మిరియాల పొడి, రెండు చెంచాల మైదా. పెనం మీద కాస్త ఎక్కువగానే నూనె పోసి, చెంచాతో వేసి, పల్చగా అదిమి, రెండువైపులా ఎర్రగా వేయించడమే. అట్టు అనాలో గారె అనాలో తేల్చుకోలేకపోయాను.

నేను చూసిన ప్రతి వంటల పుస్తకమూ దీన్ని 'సంప్రదాయ' వంటకం అనే అంది. ఎప్పటి సంప్రదాయం? హనుక్కా గుర్తుచేసే సంఘటన క్రీ.పూ. 164 నాటిది. సిరియా నుంచి ఏలుతున్న గ్రీకు వంశపు రాజు నాలుగో ఆంటియోకస్ యూదుల మతాచారాలను నిషేధించి, జెరూసలేం ఆలయాన్ని మైలపరిచాడు. యూదా మక్కబీ, అతని అన్నదమ్ములు తిరగబడి, గుడిని చేజిక్కించుకుని శుద్ధి చేశారు. ఆలుగడ్డ అప్పటికి దక్షిణ అమెరికా దాటలేదు. స్పెయిన్ వాళ్ళు దాన్ని యూరప్‌కి తెచ్చింది 16వ శతాబ్దంలో. పండక్కీ పండగ వంటకీ మధ్య పదిహేడు వందల ఏళ్ళ ఎడం! (నవ్వుకోనక్కర్లేదు. మన పులిహోరలో మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే.)

ఆలుగడ్డ కాదు, అసలు సంగతి నూనె. గుడిలో దీపానికి ఒక్కరోజుకి సరిపడా పవిత్రమైన నూనె మాత్రమే మిగిలిందనీ, అది ఎనిమిది రోజులు వెలిగిందనీ కథ. అందుకే నూనెలో వేయించినవి తింటారు. తమాషా ఏంటంటే, ఆ యుద్ధాన్ని వర్ణించే మక్కబీయుల మొదటి గ్రంథంలో ఎనిమిది రోజుల ఉత్సవం ఉంది కానీ నూనె మహిమ లేదు. అది కొన్ని వందల ఏళ్ళ తర్వాత బాబిలోనియా తాల్ముద్‌లో కనిపిస్తుంది. రాజ్యం పోయాక, కత్తి కంటే దీపం గురించి చెప్పుకోవడమే పండితులకి సమంజసం అనిపించిందేమో. ఇది నా ఊహ.

ఆలుగడ్డ రాకముందు ఈ పండక్కి ఏం తినేవారు? ఇటలీ యూదులు జున్నుతో చేసిన చిన్న అట్లు వేయించుకునేవారు. జున్ను ఎందుకంటే యూదితు కథ వల్ల. శత్రు సేనాపతి హోలోఫెర్నెస్‌ గుడారంలోకి వెళ్ళి, వాడు తాగి పడిపోయాక తల నరికిన వితంతువు ఆమె. వాడికి ముందు జున్ను పెట్టి దాహం పుట్టించిందని మధ్యయుగాల్లో చెప్పుకునేవారు. ఎప్పటిదో వేరే కథని హనుక్కాకి ముడిపెట్టారు. 16వ శతాబ్దంలో క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్ కూడా హనుక్కాకి జున్ను తినే ఆచారాన్ని ప్రస్తావించాడు.

కానీ తూర్పు యూరప్‌లో ఆలివ్ చెట్లు లేవు. చలికాలంలో పేద ఇళ్ళకి అందుబాటులో ఉండేది పెద్దబాతు కొవ్వు. యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసమూ పాలూ కలవకూడదు. బాతు కొవ్వు మాంసం కిందే లెక్క, జున్ను పాల కిందే లెక్క. కాబట్టి బాతు కొవ్వులో జున్ను అట్లు కుదరవు. జున్ను పోయింది. బక్‌వీట్, రై పిండ్లతో అట్లు వచ్చాయి.

ఆలుగడ్డని యూరప్ చాలాకాలం అనుమానంగానే చూసింది. 1756లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ దాన్ని పండించమని ఏకంగా ఆజ్ఞ జారీ చేయాల్సి వచ్చింది. తూర్పున అది పేదల తిండిగా స్థిరపడింది 19వ శతాబ్దంలో. వారంలో ఏ రోజు చూసినా ఆలుగడ్డలేనని వాపోయే యిడ్డిష్ జానపద గీతం ఒకటి ఉంది. రోజూ తినీ తినీ విసుగెత్తిన ఆ దుంపనే పండగ రోజున తురిమి కొవ్వులో వేయించారు. పండగనిపించేది కొవ్వే. రోజూ అంత కొవ్వు వాడే స్తోమత ఎవరికుంది?

పైగా ఈ అట్టు వాళ్ళ సొంతం కూడా కాదు. పోలండ్, ఉక్రెయిన్, బెలారుస్‌లలో ఇరుగుపొరుగు వాళ్ళందరూ వేసుకునేదే. 'లాట్కె' అనే మాట కూడా స్లావు భాషల 'ఒలాద్క' నుంచి వచ్చింది, ఆ మాటకి మూలం ఆలివ్ నూనెకి గ్రీకువాళ్ళు పెట్టుకున్న పేరు. గ్రీకు రాజు మీద గెలుపుని గుర్తుచేసే వంటకానికి గ్రీకు పేరు! ఆలివ్ చెట్టు లేని చోట, దాన్ని ఎప్పుడూ చూడని వాళ్ళ నోట, ఆ నూనె పేరులో మాత్రం మిగిలిపోయింది.

1880ల నుంచి 1924 దాకా తూర్పు యూరప్‌ నుంచి సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా వెళ్ళారు. అక్కడ 1911లో క్రిస్కో అనే వనస్పతి వచ్చింది. మాంసమూ కాదు, పాలూ కాదు. 1933లో ఆ కంపెనీ యూదు గృహిణుల కోసం యిడ్డిష్, ఇంగ్లీషు భాషల్లో వంటల పుస్తకమే వేసింది. బాతు కొవ్వుతో వేయించినప్పుడు పక్కన ఆపిల్ గుజ్జే పెట్టుకోవాలి. వనస్పతి వచ్చాక పుల్లటి మీగడ కూడా పెట్టుకోవచ్చు. ఈ రెండిట్లో ఏది అసలైనదని ఇప్పటికీ వాదించుకుంటారు. అది రుచి గొడవలా కనిపిస్తుంది కానీ, దాని వెనక ఉన్నది ఏ కొవ్వు దొరికిందన్న ప్రశ్న.

వెళ్ళని వాళ్ళ సంగతి వేరు. 1897 జనాభా లెక్కల్లో మిన్స్క్ నగరంలో సగానికి పైగా యూదులే. 1941లో నాజీలు ఆ ఊరిని ఆక్రమించి గెట్టో పెట్టారు. 1943 అక్టోబరులో దాన్ని ఖాళీ చేశారు. ఖాళీ చేయడమంటే చంపడం. ఇవాళ మిన్స్క్‌లో ఏ హోటల్‌కి వెళ్ళినా ఆలుగడ్డ అట్లు దొరుకుతాయి, 'ద్రానికి' అంటారు, దేశానికే గర్వకారణం. అదే తురుము, అదే పెనం. దాన్ని లాట్కె అని పిలిచిన వంటిళ్ళే దాదాపుగా లేవు. వంటకం చావలేదు కదా అని సరిపెట్టుకోవడం నాకు చేతకాలేదు.

నా మొదటి వాయి మాడింది. నూనె సరిగ్గా కాగకముందే వేసి, తర్వాత కంగారుగా మంట పెంచేశాను. రెండో వాయి బాగా వచ్చింది. అంచులు కరకర, మధ్యలో మెత్తన. వేయించింది పొద్దుతిరుగుడు నూనెలో కాబట్టి పెరుగు పెట్టుకున్నా తప్పులేదు. గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు, చిటికెడు ఉప్పు. ఆపిల్ గుజ్జు కూడా చేశాను గానీ, అది ఎవరూ ముట్టుకోలేదు.