ఆర్డా పానపాత్ర అడుగున ఏముంది?

1868లో ఐర్లాండ్ దేశంలోని ఆర్డా అనే ఊరి దగ్గర, ఒక పాత మట్టికోట లోపల జిమ్ క్విన్, ప్యాడీ ఫ్లానగన్ అనే కుర్రాళ్లు బంగాళాదుంపలు తవ్వుతున్నారు. అప్పుడు మట్టిలోంచి ఒక వెండి పాత్ర బయటపడింది. దాంతోపాటు చిన్న కంచు పాత్ర, బట్టలకు పెట్టుకునే నాలుగు బ్రోచ్‌లు కూడా దొరికాయి.

ఆ వెండి పాత్రనే ఆర్డా పానపాత్ర అంటారు. అది క్రీ.శ. 8వ శతాబ్దం నాటిది. యేసు ప్రభువు కడరా భోజనంలో శిష్యులకు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చాడు. దాన్ని తలుచుకుంటూ చేసే సంస్కారంలో ద్రాక్షరసం పోయడానికి ఈ పాత్ర చేశారు. ఆ రసంలో క్రీస్తు ఉంటాడని వాళ్ల విశ్వాసం. కంటికి కనబడదు కాబట్టి దాన్ని మర్మం అన్నారు. పాత్ర పెద్దది, రెండు చెవులున్నాయి. గురువుకే కాక జనానికి కూడా అందించడానికే అలా చేశారని పండితులు చెబుతారు.

దీన్ని దాదాపు 350 ముక్కలు కలిపి చేశారు. వెండి గిన్నె చుట్టూ సన్నని బంగారు తీగపని, రంగు గాజు బొడిపెలు ఉన్నాయి. ఆ పట్టీ కింద అపొస్తలుల పేర్లు సన్నగా చెక్కారు. ఆ పేర్లలో పౌలు ఉన్నాడు, ప్రభువును పట్టిచ్చిన యూదా లేడు.

నాకు అన్నిటికంటే నచ్చింది పాత్ర అడుగు. పీఠం కింద మధ్యలో ఒక స్ఫటికం, దాని చుట్టూ మళ్లీ బంగారు పని. బల్ల మీద పెడితే అది ఎవరికీ కనబడదు. తాగేవాళ్లకూ కనబడదు. పాత్ర పైకెత్తినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకు ఒక్క క్షణం కనిపిస్తుంది, అంతే! అది దేవుడి కోసమే చేశారని కొందరంటారు. ఎదుటివాళ్ల కోసం కూడా అని నేననుకుంటాను. ఒకరు తాగుతుంటే ఇంకొకరికి ఆ మర్మం గుర్తుకు రావాలి కదా.

మనం పెళ్లికి ఇచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కిస్తాం. చేసినవాడి పేరు ఉండదు. ఈ పాత్ర మీద కూడా అపొస్తలుల పేర్లున్నాయి గానీ కంసాలి పేరు లేదు. అయినా ఆయన పని మాత్రం నిలిచింది. ఐర్లాండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ గెలిచిన జట్టుకు 1928 నుంచి ఇస్తున్న శామ్ మగ్వైర్ కప్పు ఈ పాత్ర నమూనాలో చేసిందే. అసలు పాత్ర ఇప్పుడు డబ్లిన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. మెచ్చుకునేవాళ్లు చూడని చోట కూడా అంత శ్రద్ధ పెట్టిన మనిషి కూడా చరిత్రలో ఒక భాగమేనని నా అభిప్రాయం.